నిన్న ఏం తిన్నారు? – అరకు కొండల్లో ఆరు రోజులు

మొదటి రోజు

సికింద్రాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కిన ప్రతిసారీ ఇదే గొడవ. మా చెక్క సామాను చూసి ఎవరో ఒకరు ఆపుతారు. ఈసారి టీసీ ఆపాడు.

"ఏంటమ్మా ఇది, ఉయ్యాలా?"

పసిపిల్లల్ని పడుకోబెట్టి పొడవు కొలిచే బల్ల అని చెప్పాను. నిలబెట్టి కొలవచ్చు కదా అన్నాడు. రెండేళ్ళ లోపు పిల్లలు నిటారుగా నిలబడరు సార్, పడుకోబెట్టి కొలిస్తే వచ్చే పొడవుకీ నిలబెడితే వచ్చే ఎత్తుకీ 0.7 సెంటీమీటర్ల తేడా లెక్కలోకి తీసుకోవాలి, అన్నాను. ఆయన నా వంక జాలిగా చూసి, "దీనికి కూడా జీతమిస్తారా?" అని పక్క బోగీలోకి వెళ్ళిపోయాడు.

ఇస్తారు, ప్రాజెక్టు ఉన్నన్నాళ్ళు. పంతొమ్మిదేళ్ళుగా ఈ పోషకాహార సర్వేల పనిలో ఉన్నా నా ఉద్యోగం వయసు ఏనాడూ మూడేళ్ళు దాటలేదు. ఒక సర్వే అయిపోతే ఇంకో సర్వేకి దరఖాస్తు పెట్టుకోవడమే.

డిగ్రీలో హోమ్ సైన్స్ చేరినప్పుడు చుట్టాలందరూ "వంటల చదువు" అన్నారు. తర్వాత హైదరాబాద్ తార్నాకలో ఎన్.ఐ.ఎన్.లో, అంటే జాతీయ పోషకాహార సంస్థలో, అప్లైడ్ న్యూట్రిషన్ చేశాను. నాతో చదివినవాళ్ళలో ఒకమ్మాయి కార్పొరేట్ ఆసుపత్రిలో డైటీషియన్ అయింది, ఒకతను బిస్కెట్ ఫ్యాక్టరీలో క్వాలిటీ కంట్రోల్‌లో చేరాడు, ఇంకొకావిడ పరీక్ష రాసి ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ అయింది. నాకు మాత్రం ఊళ్ళు తిరగడం అలవాటైపోయింది. మేం చదివిన ఎన్.ఐ.ఎన్. మొదలైందే ఒక్క గదిలో. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ అనే డాక్టరు బెరిబెరి ఎందుకొస్తుందో తేల్చడానికి పెట్టుకున్న గది అది. 1958లో హైదరాబాద్ వచ్చింది, 1969లో ఇప్పటి పేరు పెట్టారు. బెరిబెరి సంగతి తెలిసిందే, బియ్యం మరీ తెల్లగా మరపట్టిస్తే వచ్చే జబ్బు. క్లాసులో ఆ పాఠం విని హాస్టల్‌కెళ్ళి తెల్లటి సన్నబియ్యం అన్నమే తినేవాళ్ళం.

మా జట్టులో నలుగురం. నేను, ఇదివరకు నాతో తిరిగిన ఇద్దరు, కాలేజీలోంచి నేరుగా వచ్చిన ఒక కొత్తమ్మాయి. రాజమండ్రి దాటేదాకా ఆ పిల్ల ప్రశ్నాపత్రం బట్టీ పడుతూనే ఉంది.

రెండో రోజు

విశాఖలో కిరండూల్ పాసింజరు అందుకున్నాం. 58 సొరంగాలంటారు, కొత్తమ్మాయి లెక్కపెడుతూ ముప్పై దగ్గర నిద్రపోయింది. బొర్రా దాటాక వలిసె పూలు మొదలయ్యాయి. నవంబరు చివర్లో అరకు చుట్టుపక్కల పొలాలన్నీ పసుపు పూసుకున్నట్టుంటాయి. టూరిస్టులు ఆ చేలల్లోకి దిగి ఫోటోలు దిగుతుంటారు. అది నూనె గింజల పంట, తొక్కేస్తే రైతుకి నష్టం అన్న సంగతి ఎవరికీ పట్టదు.

మధ్యాహ్నమంతా గెస్ట్‌హౌస్ వరండాలో కొలతల పరీక్ష. పక్క వీధి పిల్లలు పదిమందిని పిలిచి, ఒక్కొక్కరిని అందరం రెండేసి సార్లు కొలవాలి. మొదటిసారి వచ్చిన అంకె చూడకుండా రెండోసారి రాయాలి. కొత్తమ్మాయికి ఒకే పిల్లాడి ఎత్తు రెండుసార్లలో 1.2 సెంటీమీటర్లు తేడా వచ్చింది. పిల్లాడు మడమలెత్తేశాడు, ఈ పిల్ల చూసుకోలేదు. ఏడుపు మొహం పెట్టింది. నా మొదటి ఏడు ఇంతకంటే ఘోరం అని చెప్పాను, అది నిజం కూడా.

మూడో రోజు

డుంబ్రిగూడ మండలంలో ఒక ఊరు. పేరు రాయను, సర్వే నియమం అది. రోడ్డు దాకా జీపు, అక్కడి నుంచి నడక. మంచు తొమ్మిదింటికి గానీ విడలేదు.

ఇవాళ్టి పని ఆహార సర్వే. 24 గంటల రీకాల్ అంటాం మేం. నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఇవాళ లేచేదాకా ఇంట్లో ఏం వండారు, ఎవరెంత తిన్నారు అని అడిగి రాసుకోవడం. వినడానికి దీనికంటే సులువైన పని లేదు. నా మటుకు నాకు, ఇన్నేళ్ళ తర్వాత కూడా, దీనికంటే కష్టమైన పని తెలీదు.

మొదటి ఇంట్లో ఆరో నెల గర్భిణి. కొత్తమ్మాయి కాగితం తీసి అడిగింది.

"నిన్న ఏం తిన్నావమ్మా?"

"ఏటి తింటాం? అన్నమే."

"ఇంకా?"

"ఇంకేటి లేదు."

పిల్ల 'అన్నం' అని రాసి తర్వాతి ప్రశ్నకి వెళ్ళబోయింది. ఆపి, నేను పొయ్యి దగ్గర కూర్చున్నాను. తిండి గురించి అడిగితే జనం సిగ్గుపడతారు, లేదా మనకేం కావాలో ఊహించి అదే చెబుతారు. మేం గుడ్లు, పాలు అని ప్రచారం చేసి వచ్చిన ఊళ్ళో మర్నాడు అడిగితే ఊరంతా గుడ్లే తిని ఉంటుంది. అందుకని తిండి వదిలేసి పని గురించి అడుగుతాను.

"నిన్న లేవగానే ఎక్కడికెళ్ళావమ్మా?"

కల్లానికి వెళ్ళిందట, వరి నూర్పుళ్ళు జరుగుతున్నాయి. కల్లానికి ఏం పట్టుకెళ్ళావు అంటే లోపలికెళ్ళి ఆనపబుర్ర తెచ్చి చూపించింది. ఎండిన ఆనపకాయని తొలిచి చేసిన బుర్ర, చోడి (రాగి) అంబలి అందులో చల్లగా ఉంటుంది. ఎంత తాగావంటే, "కడుపు నిండా" అంది. అక్కడ బయటికి తీశాను మా కప్పులు. చిన్నదాని నుంచి పెద్దదాని దాకా కొలిచి పెట్టిన పన్నెండు స్టీలు కప్పులు, ఒకదాంట్లో ఒకటి ఇమిడిపోతాయి. నీళ్ళు పోసి చూపించమంటే మూడు పెద్ద కప్పులు, ఒకటిన్నర లీటరు.

అంబలికి పిండి ఎంత పోశావు? "తవ్వలో సగం." ఏ తవ్వ? ఇక్కడే కొత్తవాళ్ళు పడిపోతారు. పుస్తకంలో తవ్వకి ఒక లెక్క ఉంటుంది, ఆవిడ ఇంట్లో ఉన్నది సొట్టపోయిన డబ్బా. ఆ డబ్బాతోనే సగం పిండి పోయించి మా త్రాసులో పెడితే 250 గ్రాములు తూగింది. కుండ నిండా అంబలి అయిదు లీటర్లు. అంటే ఆవిడ వాటాకి 75 గ్రాముల చోడిపిండి. చోళ్ళలో 100 గ్రాములకి కాల్షియం 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, ఆ లెక్కన అంబలి ఒక్కదాంట్లోనే పావు లీటరు పాలకి దగ్గర కాల్షియం దొరికింది. ఆవిడ చెప్పిన మొదటి జవాబులో ఇది లేనే లేదు. ఆవిడ దృష్టిలో అంబలి తిండి కాదు, తాగేది.

అన్నం సంగతి ఇంకో రకం. ఇంటిల్లిపాదికీ 900 గ్రాముల బియ్యం వండింది. ఉడికాక 2700 మిల్లీలీటర్లు. మామగారికెంత, మొగుడికెంత, పిల్లలిద్దరికెంత అని కప్పులతో పెట్టించుకుంటూ పోతే చివరికి ఆవిడకి మిగిలింది 450. అంటే 150 గ్రాముల బియ్యం, 500 కేలరీలకు కాస్త పైన. కూర్చుని పని చేసుకునే ఆడమనిషికే రోజుకు 1660 కేలరీలు కావాలని 2020 నాటి లెక్క. గర్భిణికి ఇంకో 350 కలపాలి. ఈవిడేమో రోజంతా నూర్పుళ్ళలో ఉంది.

"నీకు నువ్వు ముందు పెట్టుకోవచ్చు కదమ్మా?" అంది కొత్తమ్మాయి. నేను కళ్ళతోనే వద్దన్నాను. సర్వేలో సలహాలు ఇవ్వకూడదు. పైగా ఆ మాట ఆవిడకి మొదటిసారి చెప్పింది మనమేనా?

లేవబోతూ అలవాటు కొద్దీ అడిగాను. "తోవలో ఏమైనా కోసుకు తిన్నావా?" ఆవిడ నవ్వి, కొంగు ముడి విప్పింది. ఉసిరికాయలు నాలుగు. నిన్న ఎన్ని తిన్నావంటే లెక్కెవరు పెట్టారంది. అంబలిలో, అన్నంలో ఉన్న కాస్త ఇనుమూ ఒంటికి పట్టాలంటే విటమిన్ సి తోడు కావాలి. ఆంధ్రలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని అయిదో కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. మరి కొంగున కట్టుకున్న ఈ ఉసిరికాయల్ని ఎన్ని సర్వేల్లో రాసుకున్నారో నాకు అనుమానమే.

ఒక్క ఇంటికి గంటా పది నిమిషాలు పట్టింది. రోజుకి ఎనిమిది ఇళ్ళు చేయాలని కాగితం మీద ఉంది. ఆ కాగితం రాసినవాళ్ళు ఎప్పుడూ కల్లానికి వెళ్ళి ఉండరు.

నాలుగో రోజు

పక్క ఊరి అంగన్‌వాడీ. టీచరు మమ్మల్ని చూడగానే రిజిస్టర్లన్నీ బల్ల మీద పేర్చింది. ఇన్‌స్పెక్షన్ అనుకుంది పాపం. కాదని నమ్మించడానికి అరగంట పట్టింది, నమ్మాక టీ ఇచ్చింది.

ముందురోజే పిల్లల్ని ఇంటి నుంచి చిటికెడు ఉప్పు తెమ్మన్నాం. ఆకుల్లో, కాగితాల్లో, ఒకడైతే గుప్పెట్లో పట్టుకొచ్చారు. గుప్పెట్లోది చెమటకి కరిగి సగమయింది. ఉప్పు మీద పరీక్ష చుక్క వేస్తే, అయోడిన్ ఉన్నది ఊదా రంగుకి తిరుగుతుంది. పిల్లలకి అది గారడీ. చుక్క పడగానే "ఓ" అని అరుపు. అయోడిన్ తయారీ దగ్గర 30 పీపీఎం (పది లక్షల పాళ్ళకి 30 పాళ్ళు), మనింటికి వచ్చేసరికి కనీసం 15 ఉండాలని నిబంధన. ఎక్కువ ఉప్పులు ఊదాగానే తిరిగాయి, ఇరవయ్యేళ్ళ కిందట ఇలా ఉండేది కాదంటారు పాతవాళ్ళు. మూడు మాత్రం తెల్లగా ఉండిపోయాయి. రాళ్ళ ఉప్పు, విడిగా కొన్నది. ఆ పిల్లలు తమ ఉప్పు పాసవలేదని మొహాలు వేలాడేశారు. వాళ్ళకి కూడా కాస్త రంగు చూపించాలని మా కొత్తమ్మాయి ప్యాకెట్ ఉప్పు కలిపేసింది. తిట్టాలనిపించింది గానీ, ఫలితాలు అప్పటికే రాసేసుకున్నాం కాబట్టి ఊరుకున్నాను.

తర్వాత జబ్బ కొలతలు. మూడు రంగుల పట్టీ, పిల్లల ఎడమ జబ్బ మధ్యలో చుట్టాలి. 12.5 సెంటీమీటర్లు దాటితే ఆకుపచ్చ. 11.5 కంటే తక్కువైతే ఎరుపు, తీవ్రమైన పోషకాహార లోపం. పంతొమ్మిది నెలల పిల్లాడొకడికి పట్టీ 11.2 దగ్గర ఆగింది. మళ్ళీ చుట్టాను, అదే 11.2. రెండు పాదాల మీదా బొటనవేళ్ళతో మూడు సెకన్లు నొక్కి వదిలాను. గుంట పడలేదు. నీరు లేదు, అంతవరకు నయం. అంతసేపూ పిల్లాడు ఏడవలేదు. ఈ పని తెలిసినవాళ్ళకి అదే భయం. జబ్బ పట్టుకుంటే ఏ పిల్లాడైనా గింజుకోవాలి. వాడు నా మొహంలోకి చూస్తూ ఊరుకున్నాడు.

ఎన్.ఆర్.సి.కి రాసిచ్చాను. పోషకాహార పునరావాస కేంద్రం, తల్లీ బిడ్డా రెండు వారాల దాకా అక్కడే ఉండాలి. మొదట ఎఫ్-75 అనే పాలు ఇస్తారు, 100 మిల్లీలీటర్లకి 75 కేలరీలు. అంత ఎండిపోయిన ఒంటికి ఒక్కసారిగా బలమైన తిండి పెడితే ప్రాణం మీదికొస్తుంది, అందుకని పలచగా మొదలెట్టి మెల్లిగా ఎఫ్-100కి పెంచుతారు.

తల్లి చీటీ తీసుకుంది. చదువు రాదు, అటూ ఇటూ తిప్పి చూసి రవికలో దోపుకుంది.

"ఎన్నాళ్ళుండాల?"

రెండు వారాలన్నాను.

"సేను సగం కోసున్నాది. అడవి పందులు ఊరుకుంటాయేటి?"

ఆసుపత్రిలో ఉన్నన్ని రోజులకీ కూలి డబ్బులు ఇస్తారని టీచరు చెప్పింది. ఆవిడ విన్నది. డబ్బులిచ్చినంత మాత్రాన పందులు ఆగవు కదా అన్నట్టు ఒక చూపు చూసి, పిల్లాణ్ణి చంకనేసుకుని వెళ్ళిపోయింది.

అయిదో రోజు

సర్వే లేదు. జట్టులో ముగ్గురం పడకేశాం.

చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. రాత్రి తొమ్మిదింటికి దిగి, ఆకలికి ఆగలేక రోడ్డు పక్క బండి మీద ఎగ్ ఫ్రైడ్ రైస్ తిన్నాం. అన్నం పొద్దున్న వండి మూత పెట్టి ఉంచినదని గిన్నె చూడగానే నాకు అర్థమైంది. అర్థమయ్యే తిన్నాను. వేడి వేడిగా వేపి ఇస్తున్నాడు కదా, ఏం కాదులే అనుకున్నాను. రాత్రి ఒంటిగంటకి వాంతులు మొదలయ్యాయి.

తిన్న నాలుగు గంటలకే వాంతులు, జ్వరం లేదు, తిన్నది నిలవ అన్నం. ల్యాబుకి పంపలేదు కాబట్టి ఖాయంగా చెప్పలేను గానీ, క్లాసులో ఈ వివరాలు చెబితే పిల్లలు ఠక్కున బాసిల్లస్ సిరియస్ అంటారు. బియ్యంతో పాటు ఆ బాక్టీరియా బీజాలు వస్తాయి, ఉడికినా చావవు. అన్నాన్ని గంటల తరబడి గోరువెచ్చగా వదిలేస్తే మొలిచి విషం తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేపినా పోదు. తిండి అయితే 60 డిగ్రీల పైన వేడిగా ఉండాలి, లేకపోతే త్వరగా చల్లార్చి 5 డిగ్రీల లోపు పెట్టాలి అని నేనే ఎన్ని ట్రైనింగుల్లో చెప్పానో! అరకు చలికి అన్నం దానంతటదే ఫ్రిజ్‌లో ఉన్నట్టుంటుందని లోపల ఎక్కడో అనుకున్నానేమో. కానీ బండివాడు గిన్నెని పొయ్యి పక్కనే పెట్టుకున్నాడు.

కొత్తమ్మాయి ఒక్కతే బాగుంది. రాత్రి ఆ పిల్ల బ్రెడ్డు తిని పడుకుంది. మాకు ఓఆర్ఎస్ కలిపి ఇచ్చి, మధ్యాహ్నానికి గంజి కాచింది.

పడుకున్న చోటి నుంచే మా ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ స్నేహితురాలికి ఫోన్ చేశాను. ముందు అయిదు నిమిషాలు నవ్వింది. తర్వాత తన బాధ మొదలెట్టింది. ఆవిడకి రోజూ కొట్లాటే. శాంపిల్ తీయాలంటే ముందు డబ్బు కట్టి కొనాలి, సాక్షి ఉండాలి, నాలుగు భాగాలు చేసి నాలుగింటికీ సీళ్ళు వేయాలి. ఒకటి ఎనలిస్టుకి పోతుంది, ఆయన 14 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి. సాక్షి సంతకం అనగానే చుట్టూ ఉన్న జనమంతా మాయమవుతారట. "మీ బండివాణ్ణి పట్టుకోనా?" అంది. వద్దన్నాను. వాడి దగ్గర ఫ్రిజ్ లేదు, కరెంటు లేదు, రోజుకి ఒక్క కుండ అన్నం వండుకునే స్తోమత. సాయంత్రం ఓపిక తెచ్చుకుని వెళ్ళి, అన్నం రెండు విడతల్లో వండుకో తమ్ముడూ, పొయ్యికి దూరంగా వెడల్పు పళ్ళెంలో ఆరబెట్టుకో అని చెప్పొచ్చాను. తలూపాడు. పాటిస్తాడో లేదో.

ఆరో రోజు

తిరుగు ప్రయాణం సాయంత్రం. పొద్దున్న సంతకెళ్ళాం. కొత్తమ్మాయికి సంత చూపించడం నా సరదా కోసమే, ప్రాజెక్టులో లేదు.

సామలు, చోళ్ళు, రాజ్మా, పిప్పళ్ళు, పసుపు కొమ్ములు. ఎండుచేపలు కింది నుంచి వస్తాయి. ఒక మూల ఒక పెద్దావిడ మొక్కజొన్న పోసుకుని కూర్చుంది. కొన్ని గింజలు నల్లబడి ఉన్నాయి, కోతల్లో వాన పడిందట. ఆవిడ వాటిని ఒక్కొక్కటే ఏరి పక్కన గుడ్డలో వేస్తోంది. పారేయడానికే అనుకుని కొత్తమ్మాయి మెచ్చుకుంది.

"పారేత్తామేటి? మంచియి అమ్మేసి ఇయి మేం తింటాం."

అక్కడే నిలబడి ఆ పిల్లకి 1974 సంగతి చెప్పాను. గుజరాత్, రాజస్థాన్ సరిహద్దు గిరిజన గ్రామాల్లో వానకి తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని 397 మంది కామెర్ల పాలయ్యారు, 106 మంది చనిపోయారు. అదే గింజ తిన్న కుక్కలూ చచ్చిపోయాయి. అది అఫ్లాటాక్సిన్ అనే బూజు విషమని ఎన్.ఐ.ఎన్. వాళ్ళు తేల్చారు. 1995లో మన దక్కన్‌లో ఇలాంటిదే ఇంకోటి. వానకి తడిసిన జొన్న, మొక్కజొన్న తిని 27 ఊళ్ళలో జనానికి కడుపునొప్పి, విరేచనాలు. అక్కడ పట్టుబడ్డది ఫ్యుమోనిసిన్ అనే ఇంకో బూజు విషం, జబ్బు పడ్డది ఎక్కువగా పేద ఇళ్ళవాళ్ళు. 2001లో ఇక్కడికి మరీ దూరం కాని ఒడిశా కాశీపూర్‌లో మామిడి టెంకల అంబలి తాగి చనిపోయినవాళ్ళ గురించి పేపర్లన్నీ రాశాయి. టెంకలు తినడం తెలియనితనం అని అప్పట్లో చాలామంది అన్నారు. తెలియక కాదు. ఈ పెద్దావిడకి ఏది మంచి గింజో, ఏది చెడ్డదో నాకంటే బాగా తెలుసు, లేకపోతే అంత శుభ్రంగా ఏరలేదు. మా దగ్గర పోషకాహారం ఒక శాఖ, తిండి సురక్షితమా కాదా అన్నది ఇంకో శాఖ. పెద్దావిడ చేటలో మాత్రం రెండూ కలిసే ఉన్నాయి. మంచి గింజ అమ్మితే వచ్చే డబ్బుతో ఏం కొంటావని అడిగాను. ఉప్పూ, నూనే, మనవరాలికి మందూ అంది.

మొత్తం కుప్ప కొందామన్నాను. గుడ్డలోవి కూడా తూచమంటే అనుమానంగా చూసింది. నలుగురం డబ్బులేసుకుని కొన్నాం. రేపటికి ఆవిడ ఇంకో కుప్ప ఏరుకుంటుందని తెలుసు, అయినా కొన్నాం. నల్ల గింజలు ఇప్పుడు నా సంచిలో ఉన్నాయి, బూజు విషాల (మైకోటాక్సిన్) పాఠానికి పనికొస్తాయి.

మధ్యాహ్నం అంగన్‌వాడీ టీచరు ఫోన్ చేసింది. "ఆ పిల్లాడి తల్లి ఇంకా ఆసుపత్రికి వెళ్ళలేదు మేడమ్. కోత అయ్యాక వెళ్తానంటోంది." కోత ఎన్ని రోజులుందంటే నాలుగైదు అంది. ఈలోగా రోజూ వాడి జబ్బ చూడమని, ఒళ్ళు వెచ్చబడినా, తినడం మానేసినా కోత సంగతి చూడకుండా జీపెక్కించమని చెప్పాను. పందుల కాపలాకి ఊళ్ళో ఎవరినైనా ఒప్పించగలవా అని అడిగితే, "నా మొగుణ్ణే పంపిస్తాను" అంది.

రాత్రి విశాఖలో రైలు కదిలాక కొత్తమ్మాయి కాగితం, పెన్సిలు తీసింది. ప్రాక్టీసు కావాలంది. నన్ను అడగమన్నాను.

"నిన్న పొద్దున్న లేచిన దగ్గర్నుంచి ఏం తిన్నారు మేడమ్?"

"ఏం తింటాను, వాంతులతో పడుకుంటే. గంజే."

"ఎన్ని కప్పులు?"

నాకు గుర్తులేదు. రెండన్నాను, మూడేమో. ఓఆర్ఎస్ ఎన్ని గ్లాసులంటే తనే కదా కలిపిచ్చింది, తనకే తెలియాలి అన్నాను. అలా కుదరదు, మీరే చెప్పాలి అంది. కాసేపు ఆలోచించి, పెన్సిలు నోట్లో పెట్టుకుని మళ్ళీ అడిగింది.

"సాయంత్రం లేచి ఎక్కడికెళ్ళారు?"

"ఫ్రైడ్ రైస్ బండి దగ్గరికి."

"తోవలో ఏమైనా కోసుకు తిన్నారా?"

తిన్నాను. గెస్ట్‌హౌస్ గోడవతల ఉసిరిచెట్టు ఉంది.

"ఎన్ని?"

లెక్కెవరు పెట్టారు?